కళ్లు మూసుకుంటే ఎవరిని పిలవాలో తెలియడం లేదు

ఈసారి వచ్చిన ఉత్తరం చాలా పెద్దది. రాసినావిడ ఎవరో తెలిసిపోయే వివరాలు తీసేసి విషయం మాత్రం చెబుతాను.

ఆవిడకు 36 ఏళ్లు. పుట్టింది, పెరిగింది నెల్లూరులో. నాన్నగారు నామం పెట్టుకుని, పెన్న ఒడ్డున రంగనాయకుల స్వామిని చూసి వచ్చాకే కాఫీ ముట్టుకునే మనిషి. అమ్మకు అంత పట్టింపు లేదు, ఎక్కడ మొక్కితే మేలు జరుగుతుందంటే అక్కడ మొక్కుతుంది. ఇంటర్ చదివేటప్పుడు కూతుర్ని రొట్టెల పండక్కి తీసుకెళ్లి, బారా షహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువులో మోకాళ్ల లోతు నీళ్లలో నిలబెట్టి, తల మీద చున్నీ కప్పించి, ముక్కూమొహం తెలియని ఒకావిడ చేతుల్లోంచి చదువు రొట్టె ఇప్పించింది. కోరుకున్న సీటు వచ్చింది. మరుసటి ఏడు అదే నీళ్లలో నిలబడి ఈవిడ ఇంకో పిల్లకు చదువు రొట్టె ఇచ్చి వచ్చింది. "ఆ రోజు ఎవరి దేవుణ్ణి అడుగుతున్నానో అన్న ఆలోచనే రాలేదండీ" అని రాశారు.

తర్వాత హైదరాబాద్‌లో ఉద్యోగం, ప్రేమ పెళ్లి. అబ్బాయిది గుంటూరు, లూథరన్ క్రైస్తవుల ఇల్లు. రిజిస్టర్ మ్యారేజ్ చేసుకున్నారు, ఎవరూ మతం మారనక్కర్లేదనుకున్నారు, పదకొండేళ్లు అలాగే గడిచిపోయింది. శనివారం దీపం, ఆదివారం భర్తతో చర్చి. తొమ్మిదేళ్ల పాప ఉంది.

నిరుడు నాన్నగారు పోయారు. చివర్లో మాట సరిగ్గా రాని స్థితిలో కూడా "రంగనాయకుడే చూసుకుంటాడులే" అన్నారట. కర్మలన్నీ ముగించుకుని తిరిగొచ్చిన వారానికి అత్తగారు ఈవిడ చెయ్యి పట్టుకుని ఏడుస్తూ, "మీ నాన్న ఎంత మంచివాడమ్మా, రక్షణ లేకుండా పోయాడు, నువ్వయినా బాప్తిస్మం తీసుకో" అన్నారు. ఈ అత్తగారు చెడ్డావిడ కాదు. పురిటికి మూడు నెలలు దగ్గరుండి చాకిరీ చేసిన మనిషి. అందుకే ఆ మాట ఇంకా లోతుగా దిగింది.

అప్పట్నుంచి ఈవిడ చదవడం మొదలుపెట్టారు. బైబిలు, గీత, ఆఫీసులో స్నేహితురాలు ఇచ్చిన తెలుగు ఖురాన్. అందులో 112వ సూరా (అధ్యాయం) నాలుగే వాక్యాలు: ఆయన ఒక్కడే, ఎవరి అవసరమూ లేనివాడు, ఎవరినీ కనలేదు, ఎవరికీ పుట్టలేదు, ఆయనకు సాటి లేదు. అది చదివిన రాత్రి నుంచి, కళ్లు మూసుకుంటే చిన్నప్పట్నుంచీ కనిపించే శేషశయనం మీది స్వామి కనిపించడం మానేశాడట. చర్చిలో "తండ్రీ" అనబోతే ఆ మాట గొంతు దాటడం లేదు. దర్గాలో అడగడం కూడా తప్పే, అల్లాను తప్ప ఎవరినీ అడగకూడదు అని స్నేహితురాలు అనేసరికి ఆ చెరువు జ్ఞాపకానికి కూడా మచ్చ పడింది. వచ్చే నెల నెల్లూరులో సంవత్సరీకం. అక్కడ పెట్టేదంతా విగ్రహార్పితం, పాపకు తినిపించవద్దు అంటున్నారు అత్తగారు. భర్త "నీ ఇష్టం" అని పక్కకు తప్పుకుంటున్నాడు. పాపేమో "అమ్మా, తాతయ్య ఏ దేవుడి దగ్గరికి వెళ్లాడు?" అని అడిగింది. అందరి దేవుడూ ఒక్కడేనా, కాకపోతే ఇన్నాళ్లూ నేను ఎవర్ని మోసం చేసినట్టు, బాప్తిస్మం తీసుకోవాలా వద్దా? ఇవీ ఆవిడ ప్రశ్నలు.

సమాధానం:

మీరు రాసినదాంట్లో ఎక్కువ భాగం దేవుడి గురించే అయినా, చదువుతుంటే నాకు ముందు వినిపించింది మీ నాన్నగారి మాటే. పదకొండేళ్లు శనివారం దీపం, ఆదివారం చర్చి పక్కపక్కనే ఉన్నాయి, మీకు ఏ ఇబ్బందీ రాలేదు. ఆయన పోయి, ఆయన గురించి ఆ ఒక్క మాట విన్నాకే అన్నీ కదిలిపోయాయి. కాబట్టి మీ చేతిలో ఉన్నది ఒక ప్రశ్న కాదు, మూడు కలిసి చిక్కుపడ్డాయి: దేవుడెవరు, నాన్న ఏమయ్యారు, నేను ఏ ఇంటి మనిషిని. మూడింటికీ ఒకే జవాబు వెతుకుతున్నారు కాబట్టే ఏదీ దొరకడం లేదు. ఇంకో సంగతి కూడా చెప్పేస్తాను. నేను గుడి గంట వింటూ పెరిగినదాన్ని, ఇప్పటికీ తులసికోట దగ్గర దీపం పెడతాను. నా మాటలో ఎక్కడైనా ఆ మొగ్గు కనిపిస్తే దాన్ని అంతవరకే తీసుకోండి.

ముందు నాన్నగారి విషయం. అత్తగారు ఆ మాట గాల్లోంచి తెచ్చింది కాదు. "నా ద్వారానే తప్ప యెవడును తండ్రియొద్దకు రాడు" అని యోహాను సువార్తలో ఉంది, ఆవిడ చిన్నప్పట్నుంచీ విన్నది అదే, దాన్ని అక్షరాలా నమ్మే మనిషికి మీ నాన్నగారి మీద ప్రేమ ఉంటే ఏడుపే వస్తుంది. ఆ ఏడుపులో మిమ్మల్ని తక్కువ చేయడం లేదు, భయం ఉంది. అయితే క్రైస్తవులందరూ ఆ వాక్యాన్ని అలాగే చదువుతారనుకోకండి. తమ తప్పు లేకుండా సువార్త తెలియనివాళ్లు నిష్కపటంగా దేవుణ్ణి వెతికి, అంతరాత్మ చెప్పినట్టు బతికితే వాళ్లకూ రక్షణ ఉండొచ్చని కాథలిక్కుల రెండో వాటికన్ మహాసభ 1964లోనే రాసింది. లూథరన్లకు ఆ పత్రం కట్టుబాటు కాదు, వాళ్లలో గట్టిగా కాదనేవాళ్లూ ఉన్నారు. కానీ వాళ్లు చదివే ఆదికాండములోనే, సొదొమ పట్టణం గురించి బతిమాలుతూ అబ్రాహాము దేవుణ్ణే నిలదీసే మాట ఒకటుంది: "సర్వలోకమునకు తీర్పు తీర్చువాడు న్యాయము చేయడా?" మీ నాన్నగారి గురించి తీర్పు చెప్పే పని అత్తగారిది కాదు, పాస్టరుగారిది కాదు, మీది కాదు, నాది అసలే కాదు. ఈ మాట అత్తగారితో అనండి, ఆవిడ పుస్తకంలోంచే అనండి. వాదనలా కాకుండా, "అత్తయ్యా, ఆయన్ని దేవుడికి వదిలేద్దాం, మనిద్దరం" అన్నట్టు. కాదనడం ఆవిడకు కష్టం.

ఇక అందరి దేవుడూ ఒక్కడేనా అన్నది. మనవాళ్లు చాలామంది "అందరు దేవుళ్లూ ఒక్కటేలే" అని రెండు ముక్కల్లో తేల్చేస్తారు. మంచి మనసుతోనే అంటారు గానీ నాకు ఆ తొందర నచ్చదు, ఎందుకంటే అలా అనేసరికి ఎవరి మాటనూ పూర్తిగా విననట్టే అవుతుంది. మీ భర్త మతం ప్రకారం దేవుడు ఒకే ఒక్కసారి మనిషై పుట్టి, సిలువ మీద చచ్చిపోయి, లేచాడు, దాని మీదే అంతా నిలబడి ఉంది. మీ స్నేహితురాలి ఖురాన్ ఈసాను, అంటే యేసును, గొప్ప ప్రవక్తగా, కన్య మర్యమ్ కొడుకుగా గౌరవిస్తుంది. మర్యమ్ పేరుతో ఒక సూరా కూడా ఉంది. కానీ ఆయన దేవుడు కాదంటుంది, సిలువ మీద చంపబడలేదని నాలుగో సూరాలో స్పష్టంగా చెబుతుంది. మీ నాన్నగారి స్వామి ధర్మానికి గ్లాని కలిగినప్పుడల్లా వస్తూనే ఉంటానన్నవాడు. ఒక్కసారి వచ్చాడు, అసలు రాడు, మళ్లీ మళ్లీ వస్తాడు. ఈ మూడింటినీ ఒకేసారి అవునని మీరు అనలేరు. మీ గొంతులో మాట ఆగిపోతున్నది దీనివల్లే అయితే అది జబ్బు కాదు, మీరు శ్రద్ధగా చదివారని అర్థం.

అయితే తేడాలు మతాల మధ్యే ఉంటాయనుకోకండి, మనింట్లోనే చూడండి. శంకరుడు చివరికి జీవుడూ బ్రహ్మమూ వేరు కావన్నాడు, మధ్వుడు ఎప్పటికీ వేరే అన్నాడు, రామానుజుడు శరీరానికి ఆత్మ ఉన్నట్టు మనందరిలోనూ ఆయన ఉన్నాడన్నాడు. ముగ్గురూ ఉపనిషత్తులనే చూపించారు. మధ్వుడు చెప్పే దేవుడికి మీ స్నేహితురాలి అల్లా దగ్గరా, శంకరుడి బ్రహ్మం దగ్గరా అంటే ఆలోచించాల్సి వస్తుంది.

మీరు గమనించారో లేదో గానీ, మీ ఉత్తరంలో నన్ను బాగా ఆపింది నాన్నగారి చివరి మాట. రంగనాయకుడే చూసుకుంటాడులే. అది ఏదో అలవాటుగా అన్న మాట కాదు, శ్రీవైష్ణవంలో దానికి వెయ్యేళ్ల వెనకచరిత్ర ఉంది. శరణాగతి. కోతిపిల్ల తల్లిని తనే పట్టుకుని వేలాడాలి, పిల్లిపిల్ల ఏమీ చేయనక్కర్లేదు, తల్లే నోట కరుచుకుని తీసుకుపోతుంది. రామానుజుల తర్వాత వాళ్లు ఈ రెండింట్లో ఏది నిజమని రెండు శాఖలుగా చీలిపోయేంతగా వాదించుకున్నారు. ఇప్పుడు మీ అత్తగారి సంఘానికి మూలపురుషుడైన లూథరు 16వ శతాబ్దంలో జర్మనీలో ఏం చెప్పాడో చూడండి: మనిషి తన పనులతో రక్షణ సంపాదించుకోలేడు, అది దేవుడి కృప, విశ్వాసంతో అందుకోవడమే. 1842లో లూథరన్ మిషనరీ హేయర్ దొర గుంటూరొచ్చి చెప్పిందీ అదే. మీ నాన్నగారూ మీ అత్తగారూ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుని ఉంటే దేవుడి పేరు దగ్గర, ఆయన ఏం చేశాడన్న దగ్గర ఒక్క అడుగు కూడా కలిసేవాళ్లు కాదు, కానీ "మన చేతుల్లో ఏమీ లేదు, ఆయనే మోసుకుపోవాలి" అన్న దగ్గర ఒకరి మాట ఒకరు పూర్తి చేసి ఉండేవాళ్లు. ఇద్దరూ ఒకే దేవుణ్ణి నమ్మారని నేననడం లేదు. ఇద్దరూ ఒకే రకంగా తమను తాము వదిలేసుకున్నారు అంటున్నాను. నాకు అది చిన్న విషయంగా కనిపించడం లేదు.

రూపం కనిపించడం మానేసిందన్నారు కదా, అది మిమ్మల్ని బాగా భయపెట్టినట్టుంది. నాన్నతోపాటు స్వామి కూడా వెళ్లిపోయాడన్నట్టు ఉంది మీరు రాసిన తీరు. ఆ సూరాకు ఆ బలం ఉంది మరి, మనసులో పెట్టుకున్న ప్రతి బొమ్మనూ తుడిచేయడమే దాని పని. కానీ మీ నాన్నగారి సంప్రదాయం రాయిని దేవుడనుకున్నది కాదు. పరమపదంలో ఉన్న రూపం, సృష్టిని నడపడానికి తీసుకున్న వ్యూహ రూపాలు, అవతారాలు, లోపల ఉండే అంతర్యామి, గుడిలో అర్చామూర్తి అని ఐదు చెబుతారు. చివరిది ఎందుకంటే, మనకు అందడం కోసం ఆయనే అంత కిందికి దిగి, మనం స్నానం చేయిస్తే చేయించుకుంటూ, పెడితే తింటూ, తలుపేస్తే లోపల ఉంటూ మన చేతికి లోబడ్డాడని. ఇస్లాం దీన్ని ఒప్పుకోదు, ఒప్పుకున్నట్టు మనం చెప్పకూడదు. అయినా అదే ఖురాన్ యాభయ్యో సూరాలో మనిషికి తన కంఠ రక్తనాళం కన్నా దగ్గరగా ఉన్నామంటుంది. బొమ్మ పోయినా దగ్గరితనం పోదని కదా దానర్థం. కొన్నాళ్లు స్వామి మీకు రూపం లేకుండా, అంతర్యామిగా ఉంటే ఉండనివ్వండి. రూపం మళ్లీ రావచ్చు, రాకపోవచ్చు. బలవంతంగా కళ్ల ముందుకు లాక్కురావద్దు.

దర్గా సంగతి కూడా మీ స్నేహితురాలు చెప్పినంత తేలిక కాదు. ఆవిడ నమ్మే పద్ధతిలో ఆవిడ చెప్పింది సరైనదే, అల్లాకు సాటి కల్పించడం, షిర్క్, ఇస్లాంలో అన్నిటికన్నా పెద్ద తప్పు. కానీ ఔలియాల (పుణ్యపురుషుల) దగ్గరికి వెళ్లి వాళ్లను సిఫారసు అడగడం షిర్క్ కాదనే ముస్లింలు మన దేశంలో కోట్లమంది, ఆ వాదన వాళ్లలో వాళ్లకే ఎన్నాళ్లనుంచో ఉంది. మీరు వెళ్లి తీర్పు చెప్పాల్సిన వాదన కాదది. ఆ రోజు మీ అమ్మ మిమ్మల్ని నీళ్లలో నిలబెట్టింది మీ చదువు కోసం, మీ చేతిలో రొట్టె పెట్టినావిడ మీ మతం అడగలేదు, మరుసటి ఏడు మీరు ఆ పిల్లను ఏమీ అడగలేదు. ఎవర్ని మోసం చేశారందులో?

ప్రార్థన గురించి. పోతన గజేంద్రుడు మొసలి నోట్లో కాలు పెట్టుకుని పిలుస్తూ, మధ్యలోనే "కలడు కలండనెడివాడు కలడో లేడో" అనేస్తాడు. ప్రార్థన లోపలే ఆ అనుమానం. యేసు సిలువ మీద కీర్తనలోని మాటే అందుకుని "నా దేవా, నా దేవా, నన్నెందుకు చెయ్యి విడిచితివి" అని అరిచాడు. కాబట్టి "ఎవరిని పిలుస్తున్నానో నాకు తెలియడం లేదు, వింటున్నది ఎవరైతే వారు వినండి, నాన్నను తలుచుకుంటే నిద్ర పట్టడం లేదు" అని మీరు చెప్పినా అది ప్రార్థనే. పేరు లేకుండా చెప్పండి. చర్చిలో కూర్చున్నప్పుడు కూడా లోపల అదే చెప్పుకోండి, పెదవులతో రాని మాట పెదవులతో అనక్కర్లేదు. నాలుగైదు పుస్తకాలు ఒకేసారి తెరిచి పెట్టుకోవడం మాత్రం ఆపండి. రామకృష్ణ పరమహంస 1866లో ఇస్లాం సాధన చేసినప్పుడు ఆ రోజులన్నీ ఆ పద్ధతిలోనే గడిపాడు, కాళీ గుడి వైపు మనసే పోలేదని చెబుతారు. అలా ఒకదాంట్లో పూర్తిగా ఉండి వినడం వేరు, దీనికీ దానికీ మార్కులు వేసుకుంటూ పోవడం వేరు. ముందు మీ నాన్నగారిదాంతో మొదలుపెట్టండి. మిగతావాటి గురించి మీకు ఇప్పుడు తెలిసినంత దాని గురించి తెలియదని మీ ఉత్తరం చూస్తే అనిపించింది.

బాప్తిస్మం విషయంలో మీ ముందున్న దారులు చూద్దాం. ఇప్పుడే తీసుకుంటే అత్తగారి మనసు కుదుటపడుతుంది, ఇంట్లో టెన్షన్ తగ్గుతుంది, పాపకు అమ్మానాన్నలది ఒకే మాట అవుతుంది. ఇవేవీ చిన్నవి కావు. కానీ బాప్తిస్మంలో తండ్రి కుమార పరిశుద్ధాత్మలను నమ్ముతున్నానని అందరి ముందు అంటారు, మీకు నమ్మకం లేకుండా "అవును" అన్నా అది దేవుడి ముందు చెప్పిన మాటే. పైగా లూథరన్లలో బాప్తిస్మం జీవితంలో ఒక్కసారే. ఈ దుఃఖంలో, అత్తగారి కన్నీళ్లకు తట్టుకోలేక అది అయిపోతే, రేపెప్పుడో మీకు నిజంగా క్రీస్తు మీద నమ్మకం కుదిరిన రోజున చేసుకోవడానికి ఏమీ మిగలదు. అలాగని ఏమీ చెప్పకుండా ఇలాగే నెట్టుకొస్తే, మీరు ఊరుకున్న ప్రతిసారీ ఆవిడ దాన్ని సగం ఒప్పుకోలు కింద లెక్కేసుకుంటారు, నాలుగేళ్ల తర్వాత చెప్పే "వద్దు" ఇప్పటి "వద్దు" కన్నా పెద్ద దెబ్బ అవుతుంది. ఎప్పటికీ తీసుకోను, నాది నాన్న దారే అనడమూ ఒక దారే, మతం మారకుండా పెళ్లి చేసుకోవడానికే కదా 1954లో ప్రత్యేక వివాహ చట్టం వచ్చింది, మీ ఇల్లు పదకొండేళ్లు అలా నడిచి చూపించింది కూడా. కానీ ఆ మాట కోపంతో అనకండి. ఇక ఖురాన్ మిమ్మల్ని నిజంగానే పిలుస్తోందేమో నాకు తెలియదు. అటే అయితే సంప్రదాయ ఇస్లామీయ ధర్మశాస్త్రం ముస్లిం స్త్రీకి ముస్లిమేతర భర్తను ఒప్పుకోదని ముందే తెలుసుకుని ఉండాలి. చదవడానికి ఏ అడ్డూ లేదు, చదవండి.

నన్నడిగితే, "అత్తయ్యా, ఇప్పుడు కాదు. భయంతో తీసుకుంటే అది మీ ప్రభువుకే మర్యాద కాదు. నేర్చుకుంటాను, నమ్మకం కుదిరితే నేనే వచ్చి అడుగుతాను, కుదరకపోతే అదీ మీకే చెబుతాను" అని ఒక్కసారి స్పష్టంగా చెప్పడం మేలనిపిస్తోంది. ఆవిడ బాధపడతారు, కొన్నాళ్లు ముభావంగా ఉంటారు, ప్రార్థన కూటంలో మీ పేరు చెప్పి ప్రార్థన చేయిస్తారు. చేయించనివ్వండి. ఆ సంభాషణలో మీ భర్త పక్కన కూర్చోవాలి. "నీ ఇష్టం" అనేది వినడానికి స్వేచ్ఛలా ఉంటుంది గానీ, వాళ్లమ్మతో మాట్లాడే బరువంతా మీ మీద పడేసే మాట అది. ఆయన ఒక్కటే అంటే చాలు: "అమ్మా, వాళ్ల నాన్న గురించి ఆ మాట ఇంక మనింట్లో అనొద్దు." అది మీరు అడగాల్సిందే, అడిగి చేయించుకోవాల్సిందే.

సంవత్సరీకానికి వెళ్లండి. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు. మీ అన్నయ్య తద్దినం పెడుతుంటే మీరు హైదరాబాద్‌లో కూర్చుని ఎవర్ని ఉద్ధరించినట్టు? విగ్రహార్పితం గురించి అత్తగారు పట్టుకున్నది కొరింథీయులకు పౌలు రాసిన మొదటి పత్రిక. అందులో ఆయన ఒకచోట విగ్రహం వట్టిదే, తినకపోతే తక్కువ కాదు, తింటే ఎక్కువ కాదంటాడు, ఇంకోచోట ప్రభువు బల్లలోనూ దయ్యాల బల్లలోనూ పాలుపొందవద్దంటాడు. రెండూ ఉన్నాయి కాబట్టే ఇన్ని వందల ఏళ్లుగా తగాదా. కానీ ఆయన గట్టిగా పట్టుబట్టింది ఎదుటివాళ్ల మనస్సాక్షిని నొప్పించవద్దన్న దగ్గర. అదే పట్టుకోండి మీరు కూడా. నెల్లూరులో అమ్మమ్మ వడ్డించిన ఆకు ముందు పాప కూర్చుని తినాలి, తాతయ్య పేరు మీద పెట్టే భోజనం అది. తిరిగొచ్చేటప్పుడు మాత్రం గారెలు, పరమాన్నం డబ్బాల్లో తెచ్చి అత్తగారి ఫ్రిజ్‌లో పెట్టకండి. వెళ్లే ముందే ఆవిడకు చెప్పి వెళ్లండి, దాచమని పాపకు చెప్పవద్దు. తొమ్మిదేళ్ల పిల్ల నాయనమ్మతో అబద్ధం ఆడటం నేర్చుకుంటే దానికన్నా పెద్ద నష్టం లేదు.

పాప అడిగిందానికి మీరు ఇంకా జవాబు చెప్పలేదని రాశారు. తప్పించుకోకండి, తెలియనిది తెలియదనే చెప్పండి. "తాతయ్య రంగనాయకుల స్వామి దగ్గరికి వెళ్తానని నమ్మాడు. నాయనమ్మ యేసు ప్రభువును నమ్ముతుంది, నాన్న కూడా. అమ్మ ఇంకా తెలుసుకుంటోంది." తర్వాత అది వంద ప్రశ్నలు వేస్తుంది, కొన్ని నాయనమ్మను అడుగుతుంది, కొన్ని అమ్మమ్మను అడుగుతుంది, ఇద్దరూ రెండు రకాలుగా చెబుతారు. చెప్పనివ్వండి, ఒకరి జవాబును ఇంకొకరి ముందు కొట్టిపారేయకుండా చూసుకోవడమే మీరూ మీ ఆయనా చేయాల్సిన పని. నెల్లూరు వెళ్లినప్పుడు దాన్ని గుడికి తీసుకెళ్లి తాతయ్య రోజూ ఎక్కడ నిలబడి దణ్ణం పెట్టుకునేవాడో చూపించండి, వీలైతే చెరువు గట్టు దాకా కూడా. అత్తగారితో మాట్లాడాక ఏమైందో నాకు రాయండి, ముఖ్యంగా మీ ఆయన పక్కన కూర్చున్నాడో లేదో.